పిట్ట ముట్టని మెతుకు: ‘బలగం’ చిత్రమున శిల్పము, సమాజము

కరీంనగరపు పల్లెలలో మనిషి చనిపోయిన మూడవనాడు ఇంటివారు అన్నము, కూరలు విస్తరిలో పెట్టి, దూరముగా తొలగి నిలుచుందురు. పోయినవానికి ఇష్టమైనవన్నియు ఆ విస్తరిలో ఉండవలెను. మాంసము ఉండును, కల్లు ఉండును, చుట్టయో బీడీయో అలవాటున్నవానికి అదియును ఉండును. కాకి వచ్చి ముట్టినచో పోయినవాడు తృప్తిపడినట్లు. ముట్టనిచో అతని మనస్సున ఏదో కోరిక మిగిలిపోయినట్లు. అప్పుడు చుట్టములలో ఒకరి తరువాత ఒకరు ముందుకు వచ్చి, పిల్లలను మేము చూచుకొందుమని ఒకరు, అప్పు మేము తీర్చుదుమని ఒకరు చేతులు జోడించి మాట ఇత్తురు. ‘పిట్టకు పెట్టుట’ అని ఈ ప్రాంతపు వాడుక. ఆ కొద్దిసేపటి నిరీక్షణలో ఒక్కొక్క ఇంటి గుట్టు ఎంత బయటపడునో చూచినవారికే తెలియును. ఏ కోరిక మిగిలి ఉండునని చుట్టములు ఊహింతురో, ఆ ఊహయే ఆ ఇంటి తప్పుల పట్టిక.

2023 మార్చి 3వ తేదీన విడుదలయిన ‘బలగం’ చిత్రము ఈ నిరీక్షణనే కథగా చేసికొన్నది. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్లవాడు. హాస్యనటుడుగా జనులకు పరిచితుడు; దర్శకత్వము వహించుట ఇదే మొదలు. కథాస్థలమును ఆయన ఎక్కడనో కల్పించుకొనలేదు. తాను ఎరిగిన రాజన్న సిరిసిల్ల జిల్లా పల్లెలలోనే చిత్రమును తీసినాడు. 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లా అగువరకు సిరిసిల్ల కరీంనగరములోనిదే కదా. పెద్ద తారలు లేరు, పోరాటములు లేవు, విదేశములలో చిత్రించిన గీతములు లేవు. ఒక ముసలివాడు చనిపోవును. ఒక కాకి అన్నము ముట్టదు. ఇంతే కథ. ఇంత చిన్న కథ పల్లెపల్లెను కదిలించినది. ఎందులకు కదిలించినదో, ఆ కదలిక ఎంతదూరము పోయి ఎక్కడ ఆగినదో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ఉపన్యాసమునుండి దృశ్యమునకు

తెలుగు చలనచిత్రము సంఘమును గురించి మాటలాడుట కొత్త కాదు. గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసినాడు. 1955లో ‘రోజులు మారాయి’ వచ్చినది. ఆ చిత్రముల ధైర్యము గొప్పది. అయినను వాని ప్రధానాయుధము మాట. పాత్ర నిలిచి అన్యాయమును ఖండించును. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టును. నాటకరంగమునుండి తెరకు దిగివచ్చిన పద్ధతి అది. చెప్పవలసినదంతయు పాత్ర నోటనే చెప్పించినపుడు కెమెరాకు మిగులు పని స్వల్పము.

తెలంగాణ పల్లెను తెరపై చూపిన చిత్రములు మరియొక త్రోవ తొక్కినవి. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో తయారైన ‘మా భూమి’లో ఆనాటి రైతాంగ పోరాటము కనబడినది. దాని నిర్మాతలలో ఒకడైన బి. నర్సింగరావు 1988లో ‘దాసి’ని తీసినాడు. ఆ చిత్రమునకు అయిదు జాతీయ పురస్కారములు వచ్చినవి. అందులో కళాదర్శకత్వమునకు పురస్కారము పొందిన చిత్రకారుడు తోట వైకుంఠము కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవాడు. దొర గడిలో దాసిగా బ్రతుకు వెళ్లదీయు కమలాక్షి కథ అది. ఆమె ఎదురు తిరిగి ఉపన్యసించదు. గడి గోడలు, గడపలు, చీకటి గదులు, వానినడుమ తలవంచుకొని తిరుగు ఒక స్త్రీ. వీనితోనే నర్సింగరావు దొరతనమును విచారణకు నిలిపినాడు. మాట ఎంత తగ్గెనో అభియోగము అంత బరువెక్కినది.

‘దాసి’నుండి ‘బలగం’ వరకు ముప్పదియైదు సంవత్సరములు. ఈ నడిమి కాలమున ఉత్తర తెలంగాణమున సంఘమే మారినది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల ప్రదర్శన ‘జైత్రయాత్ర’ పేర చరిత్రలో నిలిచినది. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో వెట్టికిని దొరల పెత్తనమునకును ఎదురు లేచిన రోజులవి. దొరలు పట్టణములు చేరినారు. గడులు పాడుపడినవి. ‘బలగం’లో దొర కానరాడు, గడియు లేదు. ఎదిరి ఇప్పుడు ఊరి వెలుపలనో మేడ పైననో లేడు. సొంత ఇంటిలోనే ఉన్నాడు. అన్నకు తమ్ముడు, బావకు బామ్మరిది ఎదిరి. పోరాటము ఊరి భూమిని గూర్చి కాదు; పంపకమునకు వచ్చిన కొద్దిపాటి ఆస్తిని గూర్చి, దానికన్నను మిన్నగా అభిమానమును గూర్చి. కనుకనే ‘దాసి’కి పనికివచ్చిన మౌనము ‘బలగం’నకు పనికిరాలేదు. దీనికి రద్దీ కావలసివచ్చినది.

గడియారము వంటి కర్మకాండ

కథను ముందుగా సంగ్రహముగా చెప్పవలెను. కొమురయ్య ఊరంతటికిని కావలసిన ముసలివాడు. పెద్దకొడుకు ఐలయ్య ఊరిలోనే ఉండును; చిన్నవాడు మొగిలయ్య సూరతులో బ్రతుకుచున్నాడు. కూతురు లచ్చవ్వ భర్త నారాయణ ఇరువది సంవత్సరముల క్రిందట అత్తవారింట అవమానము జరిగినదని అలిగి పోయినాడు; నాటినుండి లచ్చవ్వకు పుట్టినింటి ముఖము చూచు భాగ్యము లేదు. ఐలయ్య కొడుకు సాయిలు వ్యాపారములు పెట్టి చెడినాడు, అప్పులవారు వెంటబడుచున్నారు. పెండ్లి కుదిరినది. వచ్చు కట్నముతో అప్పు తీర్చవలెనని అతని ఎత్తు. అంతలో తాత చనిపోయినాడు.

ఇచ్చట దర్శకుడు చేసిన మొదటి శిల్పనిర్ణయము కాలమును గూర్చినది. చావునుండి పదునొకండవ దినము వరకు గల కర్మకాండయే కథకు చట్రము. మూడవనాడు కాకి ముట్టలేదు. మరల పెట్టినపుడును ముట్టలేదు. ఇక మిగిలినది పదునొకండవ దినము. సాధారణముగ చిత్రకథలో ఉత్కంఠకు ప్రతినాయకుడో, ప్రమాదమో కావలెను. ఇచ్చట పంచాంగమే ఆ పనిని చేయుచున్నది. ఈ పద్ధతివలన మరియొక ప్రయోజనము కలిగినది. మామూలు దినములలో ఎవరి త్రోవన వారు పోవు అన్నదమ్ములు ఈ పదునొకండు దినములు ఒకే కప్పు క్రింద ఉండి తీరవలెను. ఎవరును లేచి పోవుటకు వీలులేదు. విడిపోయిన కుటుంబమును మరల ఒక గదిలో కూర్చుండబెట్టగల శక్తి మన సంఘమున నేడు చావునకు మాత్రమే మిగిలినది. ఈ సత్యమును ఏ పాత్రయు పలుకదు. కథ కట్టుబడియే పలుకుచున్నది.

చావు ఇంటిని రంగస్థలముగా గ్రహించినవారు లోకమున మరికొందరు కలరు. జపానులో అకిరా కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’లో నాయకుడు మరణించిన తరువాత అతని తోడి ఉద్యోగులు కూర్చుండి అతని చివరి దినములను ఒక్కొక్కటిగా తలచుకొందురు. మనకు మరింత చేరువది కన్నడ చిత్రము ‘తిథి’. రామ్ రెడ్డి 2015లో తీసిన ఆ చిత్రమున నూటొక్క సంవత్సరముల ముదుసలి మరణమునకును పదునొకండవ దినపు తిథికిని నడుమ కథ నడచును. నటించినవారు ఆ మండ్య సీమ పల్లెవాసులే. అచ్చట మనుమడు భూమిని అమ్ముకొనుటకై బ్రతికియున్న తండ్రిని చనిపోయినట్లు కాగితములలో చూపబోవును. ‘తిథి’ కంటితడి పెట్టించదు. చల్లగా నవ్వించి ప్రక్కకు తప్పుకొనును. ‘బలగం’ నవ్వించి, తుదకు ఏడ్పించును. రెండింటికిని చట్రము ఒక్కటే. తీర్పులు వేరు. మొదటిది బంధము సడలినదని చూపి ఊరకున్నది. రెండవది దానిని మరల ముడివేయవలెనని పట్టుపట్టినది.

మొదట మనిషిని చూపి, తరువాత లోటును చూపుట

రెండవ నిర్ణయము ఆరంభమునకు సంబంధించినది. చిత్రము మొదలగుటయే ఊరి మేలుకొలుపుతో మొదలగును. కాసర్ల శ్యామ్ రచించిన ఊరి పాట వెంట పల్లె తన పనులలోనికి లేచును. ఈ పాటకు డెబ్బదియొకటవ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచనకు బహుమానము 2025లో ప్రకటింపబడినది. సంగీతము భీమ్స్ సిసిరోలియోది. ఆ ఊరిలో కొమురయ్య తిరుగుచుండును, ఎదురైనవారినెల్ల పలుకరించును, పరిహాసములాడును. ఆ పాత్రను కేతిరి సుధాకర్ రెడ్డి ధరించినాడు. నటుడు ఒకడు ముసలివాడుగా వేషము కట్టినట్లు కాక, మన వీధిలోని పెద్దమనిషి ఒకడు పొరపాటున కెమెరా ముందునకు వచ్చినట్లుండును.

ఈ ముసలివాడు కథారంభముననే మరణించును. తరువాత కథయంతయు అతడు లేని కథ. అయినను ప్రతి సన్నివేశమునందు అతనికై వెదకుచుందుము. చావు గూర్చి దుఃఖించుడని ప్రేక్షకుని ఆజ్ఞాపించుటకు బదులు, దర్శకుడు మొదట ఆ మనిషి సహవాసమును మనకు అలవాటు చేసి, తరువాత దానిని లాగివేసినాడు. ఊరిలో అందరిని పలుకరించువాడు ఒక్కడు ఉండెను, వాడు పోయినాడు, ఇప్పుడు పలుకరించువారెవరు? పల్లెలలో వృద్ధుల స్థానమును గూర్చి వ్రాసిన ఏ వ్యాసముకన్నను ఈ ప్రశ్న లోతుగా దిగును.

శవము ముందర నవ్వు

మూడవది హాస్యము. తాత శవము వాకిట ఉండగా సాయిలు దిగులంతయు పెండ్లి వాయిదాపడునేమో, కట్నము చేజారునేమో అని. వచ్చినవారిలో దుఃఖము కొందరిది, లెక్కలు కొందరివి, ఏడ్పు నడుమ ఎత్తిపొడుపులు కొందరివి. థియేటరులో జనము నవ్వుచుందురు. ఈ నవ్వు ఊరక పెట్టినది కాదు. నవ్వినవాడు కొంతసేపటికి తాను నవ్వినది తనను చూచియేనని గ్రహించును. చావు ఇంట మర్యాదలను లెక్కించినవారము, విందులో వడ్డనకు అలిగినవారము మనము కామా? విమర్శను కోపముతో చేసినచో ప్రేక్షకుడు అది ప్రక్కవాడిని గూర్చి అనుకొనును. నవ్వుతో చేసినచో తలుపు తీసి లోనికి రానిచ్చును.

పై కలహమునకు మూలము ఒక నల్లిబొక్క. ఇంటి విందులో అల్లునికి దక్కవలసిన మూలుగు ఎముక దక్కలేదు. మాట మాట పెరిగినది. ఇరువది సంవత్సరములు రాకపోకలు నిలిచిపోయినవి. తెలంగాణపు విందులో నల్లిబొక్క తినుబండారము మాత్రమే కాదు. అది వడ్డించినవాని గౌరవపత్రము. ఎవరికి మొదట వడ్డించిరి, ఎవరి విస్తరిలో ఏ ముక్క పడినది అనుదానిని బట్టి చుట్టరికములు నిలుచుటయు కూలుటయు మనవారు ఎరుగనిది కాదు. దర్శకుడు ఈ ఎముకను కథ నడుమ పెట్టి రెండు పనులు సాధించినాడు. కలహమెంత అల్పమో చూపినాడు. ఆ అల్పత్వము వెనుక నున్న ఆకలి, అన్నపుటాకలి కాదు, మన్ననకై పడు ఆకలి ఎంత పెద్దదో కూడ చూపినాడు. కాకికి పెట్టిన విస్తరియు, అల్లునికి పెట్టిన విస్తరియు ఒకదాని కొకటి బదులు చెప్పుకొనుచున్నవి. ఆనాడు బ్రతికియున్నవాడు ముక్క దక్కలేదని అలిగి లేచిపోయినాడు; ఈనాడు చనిపోయినవాడు మెతుకు ముట్టక అలిగినాడు. ఈ పోలికను చిత్రములో ఎవరును విప్పి చెప్పరు. చూచినవారు తామే కలుపుకొందురు.

యాస మూల్యము

భాషను గూర్చి ఒక మాట. తెలంగాణ పలుకుబడి తెలుగు తెరపై చాలకాలము హాస్యగానికో, రౌడీకో దక్కిన వేషముగా ఉండెను. నాయకుడు ఒక భాష మాటలాడును. అతని సేవకుడు మరియొక భాష మాటలాడును. ‘బలగం’లో అందరును ఒకే పలుకుబడిలో ఏడ్చుచున్నారు, నవ్వుచున్నారు, ప్రేమించుచున్నారు. ఏ పాత్రను తక్కువచేయుటకును యాస పనికివచ్చుటలేదు. ప్రియదర్శి, కావ్యా కల్యాణ్‌రామ్, రూపాలక్ష్మి, మురళీధర్ గౌడ్, జయరామ్ మున్నగువారు పలుకుటలో గట్టిగా నటించవలెనను ప్రయాస కానరాదు.

ఇది తేలికగా దక్కినది కాదు. ఈ సీమ కథలకు తెర చేరుటయే కష్టమైనది. ఆదిలాబాదు అడవులలో జోడేఘాటు గోండు వీరుడు కొమురం భీమ్ 1940లో నేలకొరిగినాడు. అల్లాణి శ్రీధర్ అతని కథను 1990లో చిత్రముగా తీసినాడు. అది థియేటర్లకు వచ్చుటకు 2010 వరకు ఆగవలసివచ్చినది. ఇరువది సంవత్సరములు డబ్బాలో మ్రగ్గిన ఆ చిత్రమును తలచుకొన్నచో, ఒక ముసలిరైతు చావు కథ నేడు ఊరూర ఆడుట ఎంత మార్పో తెలియును. అదే 2023 మార్చి చివర ‘దసరా’ అను మరియొక చిత్రము సింగరేణి బొగ్గుగనుల ప్రక్క పల్లెను చూపినది. దానిలో బొగ్గుమసి ఒక అలంకారముగా తెరనంతను కప్పినది. సారాదుకాణము, కులపు అడ్డుగోడ కథలోనికి వచ్చినవి. కాని చివరకు అంతయు కత్తికి అప్పగింపబడినది. ఒకే నెలలో ఒకే సీమనుండి వచ్చిన రెండు చిత్రములలో ఒకటి పల్లెను రణరంగముగా చూచినది. రెండవది వాకిలిగా చూచినది.

జంగాల పాట, ఊరి సాక్ష్యము

పదునొకండవ దినమున బుడిగ జంగాలు వచ్చి, పోయిన కొమురయ్య జీవితమును పాటగా పాడుదురు. చిత్రమునకు ఇదే గుండెకాయ. పాడినవారు వృత్తినటులు కారు. వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. తరతరములుగా ఇంటింట కథలు పాడి బ్రతుకు కుటుంబము వారిది.

సాధారణముగ చలనచిత్రములో పాట వచ్చినచో కథ ఆగును. ఇచ్చట కథ పాటలోనే ముగియుచున్నది. తండ్రి పడిన కష్టము, పెంచిన ప్రేమ, బిడ్డలు విడిపోయినందుకు అతడు మింగిన దుఃఖము పాటగానికి ఎట్లు తెలిసినది అని మనము అడుగము. అతడు ఊరి జ్ఞాపకము. కోర్టులో సాక్షివలె నిలిచి, పోయినవాని పక్షమున వాంగ్మూలము ఇచ్చుచున్నాడు. అన్నదమ్ములు, బావ తలలు వంచి వినుచున్నారు. ఇన్ని దినములు పెద్దమనుషులు పంచాయితీ చేసి చేయలేకపోయిన పనిని తక్కువ కులమువాడని గుమ్మము వెలుపల నిలుపబడువాడు చేసినాడు. దర్శకుడు కులమును గూర్చి ఒక్క మాట అనలేదు. తీర్పు చెప్పు స్థానమున ఎవరిని నిలబెట్టెనో చూడుడు. చిత్రమంతటిలో ఇంతకన్న సాహసమైన సంఘవిమర్శ మరి లేదు. ప్రేక్షకులలో చాలమంది దానిని విమర్శగా గుర్తింపక కన్నీరు కార్చిరి. బహుశా ఆ సాహసము ఫలించుటకు కారణమును అదియే.

తెర వెలుపల మిగిలినవి

ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఇక చిత్రము చూడక వదలినవానిని కూడ చెప్పుకొనకపోయినచో విమర్శ పొగడ్తగా మారును.

కాకి ముట్టకపోయినందుకు ఊరి పెద్దలు ఆ కుటుంబమును బెదిరింతురు. పదునొకండవనాడును ముట్టనిచో ఊరు విడువవలెనందురు. కథకు ఇది వేగమునిచ్చినది. కాని ఊరు ఒక కుటుంబమును వెలివేయుట ఈ సీమలో వట్టి కథ కాదు. నిజామాబాదు, నిర్మల్, జగిత్యాల ప్రాంతములలో గ్రామాభివృద్ధి కమిటీల పేర జరిగిన సాంఘిక బహిష్కారములు పలుమార్లు పత్రికలకెక్కినవి. నీళ్లు ముట్టరాదు, పనికి పిలువరాదు, మాటలాడినవానికి జరిమానా. ఇట్టి ఆజ్ఞల క్రింద నలిగినవారు నేటికిని ఉన్నారు. చిత్రములో ఆ బెదిరింపు మంచిపనికి తోడ్పడిన ముల్లుకఱ్ఱ మాత్రమే. కాకి ముట్టినదిగాన ముల్లుకఱ్ఱ ప్రక్కకు పెట్టబడినది. ముట్టనిచో ఏమగును అను ప్రశ్నను చిత్రము మనకు వదలలేదు.

రెండవది అప్పు, వలస. సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. పని చాలక అచ్చటి పద్మశాలీలు సూరతునకు, భీవండికి, షోలాపురమునకు పోవుట రెండు మూడు తరముల చరిత్ర. అప్పుల బాధతో నేతపనివారు ప్రాణములు తీసికొనిన సంవత్సరములు ఆ పట్టణము మరువలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలలో గల్ఫ్ దేశములకు పోయిన కొడుకు లేని వాడ అరుదు. తండ్రి చావునకు కొడుకు రాలేక ఫోనులో చితిని చూచిన ఇండ్లును, కొడుకే పెట్టెలో తిరిగివచ్చిన ఇండ్లును ఈ జిల్లాలలో కలవు. ‘బలగం’లో సూరతు ఒక చిరునామాగా వచ్చినది, సాయిలు అప్పు ఒక యువకుని అవివేకముగా వచ్చినది. బలగము చెదరుటకు పట్టుదల ఒక కారణమైనచో, పొట్టకూడు అంతకన్న పెద్ద కారణము. అన్నదమ్ములు కౌగిలించుకొనిన మరునాడు సూరతు బండి ఎక్కక తప్పదు కదా.

మూడవది లచ్చవ్వ. చిత్రమున అందరికన్న ఎక్కువ కోల్పోయినది ఆమె. అలిగినది భర్త, పట్టుపట్టినది అన్నదమ్ములు, ఇరువది సంవత్సరములు శిక్ష అనుభవించినది ఆమె. రూపాలక్ష్మి ఆ శిక్షను ముఖముమీదనే మోసినది. ఆమెను పుట్టినింటికి మరల చేర్చుట చిత్రము మనకిచ్చు గొప్ప ఊరట. కాని చిత్రము ఆమెను చూచిన చూపు అనుబంధపు చూపు. హక్కు చూపు కాదు. ఉమ్మడి ఆస్తిలో అవివాహితలైన ఆడపిల్లలకు సమభాగము కల్పించు సవరణ ఆంధ్రప్రదేశములో 1986లోనే వచ్చినది. 2005లో దేశమంతటను కూతుళ్లందరికి ఆ హక్కు లభించినది. చట్టము ఇంత దూరము నడచినను, ఆడబిడ్డ పుట్టినింటికి వచ్చుట అన్నదమ్ముల మంచితనముగా కనబడుచున్నంత కాలము ఆమె రాకపోకలు ఒక నల్లిబొక్కమీద ఆధారపడియే ఉండును. అలిగినవాడు మరల అలుగవచ్చును.

ఈ లోపములు దర్శకుని అజ్ఞానమువలన వచ్చినవని అనను. కన్నీటిని ఆయుధముగా ఎంచుకొనినవానికి ఇవి తప్పవు. కన్నీరు తలుపులను తెరచును, లెక్కలను అడుగనీయదు. ‘దాసి’ చూచి బయటికి వచ్చినవాడు ఎవరిని కౌగిలించుకొనవలెనో తెలియక తలవంచుకొని పోయినాడు. ఆ చిత్రము ఊరట ఈయలేదు. ‘బలగం’ చూచినవాడు తమ్మునికి ఫోను చేసినాడు. ఏది గొప్ప అను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఊరట ఈయని చిత్రమును చూచినవారు కొద్దిమంది. ఊరటనిచ్చిన చిత్రమును ఊరు ఊరంతయు చూచినది.

గ్రామపంచాయతి ముందర తెర

ఊరు చూచినది అనుట అలంకారము కాదు. 2023 ఏప్రిల్ నాటికి తెలంగాణమున అనేక గ్రామములలో పంచాయతివారు, యువకులు పెద్ద తెర కట్టి, చాపలు పరచి, ఈ చిత్రమును ఉచితముగా ప్రదర్శించిరి. ఇట్టి ప్రదర్శనలు చట్టవిరుద్ధములని నిర్మాతల పక్షమున పోలీసులకు ఫిర్యాదును వెళ్లినది. చిత్రము చూచి, ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కలిసికొనిరని పత్రికలు వ్రాసినవి. దారిద్ర్యముచే కాక, తమ కథను తామందరు ఒకచోట కూర్చుండి చూడవలెనను కోరికచేతనే జనులు ఆ తెరలు కట్టిరని తోచును. టిక్కెట్టు కొని చీకటిలో ఒంటరిగా చూచుటకన్న, అలిగిన బావ ఎదుటి చాపమీద కూర్చుండి ఉండగా చూచుట వేరు. జంగాల కథ వినుటకు ఊరు ఎట్లు చేరెడిదో అట్లే చేరినది. చిత్రము ఏ ప్రాచీనశిల్పమును అరువు తెచ్చుకొన్నదో, ప్రేక్షకులు దానిని మరల ఆ శిల్పమునకే తిరిగి ఇచ్చినారు.

2014నుండి 2023 వరకు గల చిత్రములకు తెలంగాణ ప్రభుత్వము 2025లో గద్దరు పేర పురస్కారములు ప్రకటించినపుడు, 2023 సంవత్సరమునకు ఉత్తమ చిత్రముగా ‘బలగం’ ఎన్నికైనది. కాని అప్పటికే ఆ చిత్రమునకు ప్రాణము పోసిన గొంతు ఆగిపోయినది. చాలకాలము మూత్రపిండముల వ్యాధితో బాధపడి, పస్తం మొగిలయ్య 2024 డిసెంబరు 19వ తేదీన కన్నుమూసినాడు. చికిత్సకు సాయపడినవారు ఉన్నారు. అయినను ఒక చిత్రములో పాడుటవలన ఊరూర తెలిసిన తరువాతనే ఆయన జబ్బు మనకు వార్త అయినది. ఆ వృత్తిలో బ్రతుకు మిగిలినవారి జబ్బులు ఇంకను వార్తలు కాలేదు. ఇంటింట చనిపోయినవారి కథలు పాడినవానికి చివర ఎవరు పాడుదురు?

కాకి అన్నము ముట్టినది; చిత్రము ముగిసినది; దీపములు వెలిగినవి. తెర మీది కొమురయ్య కోరిక తీరినది. తెర వెలుపల విస్తరులు ఇంకను పరచియే ఉన్నవి. వెలిపడిన కుటుంబము విస్తరి ఒకటి, సూరతుకును దుబాయికిని పోయినవాని విస్తరి ఒకటి, వాటా అడుగలేక ఊరకున్న ఆడబిడ్డ విస్తరి ఒకటి, ఊరి కథను మోసి తిరుగు జంగము విస్తరి ఒకటి. వీనిని పిట్ట ముట్టవలెనన్నచో మనము చేతులు జోడించి ఏ మాట ఈయవలసియున్నదో, ‘బలగం’ చూచి కన్నీరు తుడుచుకొనినవారు ఒకమారు తలచుకొందురుగాక.